పలకల ఊరి ఎర్రతేలు



మీలో నలభై, యాభై ఏళ్ళు దాటినవారు చిన్నప్పుడు ఓనమాలు దిద్దిన పలక బహుశా మా ఊరి నుంచి వచ్చిందే అయి ఉంటుంది. మాది మార్కాపురం. చెన్నకేశవస్వామి గుడి తర్వాత మా ఊరికి పేరు తెచ్చింది పలకరాయే. నల్లమల కొండలకు తూర్పుగా, గుండ్లకమ్మ పారే నేల మాది. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు భూమిలో ఎక్కడ తవ్వినా రాయే. ఆ రాయి పొరలు పొరలుగా విడివడుతుంది. ఉలి పెట్టి నేర్పుగా తడితే అరిసె మీద అరిసె పేర్చినట్లున్న రాతిబండ రెండుగా విచ్చుకుంటుంది. దాన్ని కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్కచట్రం బిగిస్తే పలక. మా వీధిలో ఆడవాళ్ళు ఇంటిపని ముగించుకుని ఆ పనికి పోయేవారు. పిల్లలు కూడా పోయేవారు. బడికి పలకలు చేసిపెట్టే పిల్లలకే బడి ఉండేది కాదు. 1987లో ప్రభుత్వం బాలకార్మికుల విషయమై జాతీయ విధానం ప్రకటించాక, పిల్లల్ని పనిలోంచి తప్పించి చదివించే పథకం మొదలుపెట్టిన పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఒకటి.

ఈవేళ నేను చెప్పదలుచుకున్నది మాత్రం పలక గురించి కాదు, పలక కింద దాక్కునే తేలు గురించి. తేలు గురించి ఆడవాళ్ళకి చరిత్రపాఠం ఏమిటా అని నవ్వుకోకండి. మన ఒంట్లో నరం ఎలా పలుకుతుంది, గుండె ఎందుకు దడదడలాడుతుంది అన్న రహస్యం విప్పడానికి ప్రపంచంలోని శాస్త్రజ్ఞులకు నూరేళ్ళు పట్టింది. ఆ నూరేళ్ళ కథలో మన పెరట్లో తిరిగే ఎర్రతేలుకు కూడా చోటుంది. ఆ కథ తెలుసుకోవడం నాకు ఎందుకు అవసరమయిందో ముందు చెబుతాను.

1968 వేసవి. అప్పటికి మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. మా పెద్దమ్మ వాళ్ళ పెరట్లో చట్రం బిగించని పలకలు దొంతర్లుగా ఉండేవి. పెద్దమ్మ చిన్నకొడుక్కి ఆరేళ్ళు, నాకన్నా రెండేళ్ళు చిన్న. సందెవేళ పలక ఒకటి లాగబోయి కెవ్వుమన్నాడు. చూస్తే చిటికెన వేలంత ఎర్రతేలు. పరుగున పోయి తేలు మంత్రం వేసే ఆయన్ని పిలుచుకొచ్చారు. మోచేతి దగ్గర తాడు బిగించి కట్టారు. మా అవ్వ చింతగింజను రాతిమీద అరగదీసి కుట్టినచోట అంటించింది. ఒక వైద్యుడి దగ్గరికి కూడా తీసుకుపోయారు. ఆయన నొప్పికి సూదిమందు ఇచ్చి "తేలేగదా, తెల్లారేసరికి తగ్గిపోతుంది, ఇంటికి తీసుకుపోండి" అన్నాడు.

నిజంగానే నొప్పి తగ్గినట్లే అనిపించింది. వాడు ఆకలంటే పెద్దమ్మ మజ్జిగన్నం కలిపి నాలుగు ముద్దలు పెట్టింది. ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి. వేసవి ఉక్కలో అందరికీ పట్టే చెమట కాదది, తలమీద నీళ్ళు పోసినట్లు ఒళ్ళంతా కారింది. కాళ్ళూ చేతులూ మాత్రం చల్లగా అయిపోయాయి. దుప్పటి మీద దుప్పటి కప్పాం. అర్ధరాత్రి దాటాక ఆయాసం వచ్చింది. కోడికూత వేళకి వాడు లేడు.

పోయినవాడు పోయాడు. ఉన్నవాళ్ళ మాటలుంటాయే, అవి పోవు. "తేలు కుట్టినవాడికి మజ్జిగన్నం పెడతారా? సలవ చేసి విషం గుండెకెక్కింది" అన్నారు ఎవరో. ఆ మాట పెద్దమ్మ చెవిలో పడింది. అప్పట్నుంచి ఆమె మజ్జిగ ముట్టలేదు. ఆమె ఇంట్లో పాడి ఉండేది, అందరికీ చిలికి పోసేది, తను మాత్రం ఉత్త అన్నం తిని లేచేది. దాదాపు ముప్పై ఏళ్ళు.

మంత్రం పనిచేయదా అంటే, పనిచేసినట్లే కనిపిస్తుంది. దానికి కారణం ఉంది. మన వైపు పెద్దగా, నల్లగా, చూడగానే గుండె గుభేలుమనిపించే మండ్రగబ్బ ఉంటుంది కదా, దాని విషానికి నొప్పే తప్ప సామాన్యంగా ప్రాణభయం ఉండదు. చిన్నగా, ఎర్రగా, సన్నని డెక్కలూ లావాటి తోకా ఉండే ఎర్రతేలుదే గట్టి విషం. అది కుట్టినా చాలామందికి మంటతోనే పోతుంది. ఏ మందూ వేయకపోయినా కొన్ని గంటల్లో నొప్పి దానంతటదే దిగుతుంది. దిగేవేళకు మంత్రం వేసినవాడికి మంచిపేరు, చింతగింజ పెట్టినవాళ్ళకు మంచిపేరు. కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం నాడు కొండలరాయుడి సన్నిధిలో తేళ్ళను చేత్తో పట్టి ఒంటిమీద పాకించుకుంటారు. తేలంటే మన ప్రాంతంలో భయమూ ఉంది, భక్తీ ఉంది. కొద్దిమందికి మాత్రం, అందులోనూ చిన్నపిల్లలకు, విషం గుండెను పట్టుకుంటుంది. ఎందుకు పట్టుకుంటుంది? ఆ ప్రశ్నకు జవాబు దొరకడమే నేను చెప్పబోయే చరిత్ర.

నూరేళ్ళ కిందటి దాకా పెద్ద పెద్ద పండితులకే ఒక సందేహం ఉండేది. నరం వచ్చి గుండెను తాకేచోట వార్త ఎలా చేరుతుంది? తంతి తీగలో మాదిరి కరెంటు దూకుతుందా, లేక నరం కొసన ఏదైనా రసం ఊరి ఆ వార్తను మోస్తుందా? ఆస్ట్రియా దేశంలో గ్రాజ్ అనే ఊళ్ళో ఓటో లోవీ అనే ఆచార్యుడికి ఒక రాత్రి కలలో దీనికొక పరీక్ష తోచింది. నిద్రమత్తులో కాగితం మీద గిలికి పడుకున్నాడు. తెల్లారి చూసుకుంటే తన రాత తనకే తెలియలేదు. మరుసటి రాత్రి మళ్ళీ అదే కల. ఈసారి ఆయన పడుకోలేదు, లేచి నేరుగా ప్రయోగశాలకు వెళ్ళాడు. రెండు కప్పగుండెలు తీసుకున్నాడు. మొదటి గుండె నరాన్ని రేపితే ఆ గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ఉప్పునీటిని తీసి రెండో గుండె మీద పోశాడు. దాన్ని ఏ నరమూ తాకలేదు, అయినా అదీ నెమ్మదించింది. అంటే వార్త నీళ్ళలో ఉందన్నమాట. 1921లో ఈ సంగతి అచ్చయింది. ఆ రసాయనం పేరు అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో లోవీకి, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. రెండేళ్ళకే నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి, యూదుడైన పాపానికి లోవీని జైల్లో పెట్టి, ఆ బహుమతి డబ్బు తమకు రాసిచ్చాకే దేశం దాటనిచ్చారు.

వార్త తెచ్చేవాడు ఉంటే సరిపోదు, అందుకునేవాడు కూడా ఉండాలి. పోస్టుమాను ఉత్తరం తెచ్చినా ఇంట్లో తలుపు తీసేవాళ్ళుండాలి కదా! కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ అనే ఆయన 1905లోనే ఈ మాట అన్నాడు. కండరం మీద మందును గుర్తుపట్టి అందుకునే పదార్థం ఏదో ఉందని ఊహించాడు. దాన్నే ఇప్పుడు గ్రాహకం అంటున్నారు. చాలాకాలం దీన్ని ఎవరూ కంటితో చూడలేదు గనుక పెద్దగా నమ్మలేదు. 1948లో అమెరికాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. భయం, కోపం వేసినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు ఊరుతాయి. అవి రక్తనాళాలను బిగించడం ఒకరకం గ్రాహకం వల్ల, గుండె వేగాన్ని పెంచడం మరోరకం వల్ల జరుగుతున్నాయని ఆయన చెప్పాడు. మొదటిదానికి ఆల్ఫా అనీ, రెండోదానికి బీటా అనీ పేర్లు పెట్టాడు. కొన్నేళ్ళపాటు ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. కాని తర్వాత బ్లడ్‌ప్రెషరుకూ, గుండెజబ్బుకూ వచ్చిన ఎన్నో మందులు ఆ రెండు పేర్ల మీదే నడిచాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు మింగే బిళ్ళల్లో ఒకటైనా ఈ బాపతుదై ఉంటుంది.

ఇక మూడోది, ద్వారాల సంగతి. ఇది వంటింటి భాషలోనే చెప్పుకోవచ్చు. మన రక్తంలోనూ, కణాల చుట్టూ ఉన్న నీటిలోనూ ఎక్కువగా ఉండేది సోడియం, అంటే మనం కూరలో వేసే ఉప్పులోదే. కణాల లోపల ఎక్కువగా ఉండేది పొటాషియం, కొబ్బరినీళ్ళలో, అరటిపండులో ఉండేది. నరం ఊరకున్నప్పుడు ఉప్పు బయట, పొటాషియం లోపల. వార్త వచ్చినప్పుడు సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, బయటి ఉప్పు బిలబిలా లోపలికి వస్తుంది. రెప్పపాటు కాలం కూడా కాకముందే ఆ తలుపు మూసుకుంటుంది. పొటాషియం ద్వారాలు తెరుచుకుని, అది బయటికి పోయి, నరం మళ్ళీ కుదుటపడుతుంది. ఇది 1952లో ఇంగ్లండుకు చెందిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ తేల్చారు. వాళ్ళు పరీక్షించింది స్క్విడ్ అనే సముద్రజీవి నరాన్ని. అది కంటికి కనిపించేంత లావు ఉంటుంది. 1939లో పని మొదలుపెడితే యుద్ధం వచ్చి ఆగిపోయింది. యుద్ధం తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. కంప్యూటరు అందకపోతే హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు రోజుల తరబడి కూర్చుని, విసుర్రాయి తిప్పినట్లు తిప్పి ఆ లెక్కలు తేల్చాడు. 1963లో వాళ్ళకు నోబెల్ వచ్చింది.

ఇక్కడ మన తెలుగువాడి సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇల్లంతా చుట్టాలొచ్చి పోయాక సామాన్లు సర్దే పని ఉంటుంది చూశారూ, అలాగే వార్త పోయిన తర్వాత లోపలికొచ్చిన ఉప్పును బయటికి తోడి, పొటాషియాన్ని లోపలికి చేర్చే పంపు ప్రతి కణానికీ ఉంది. 1957లో డెన్మార్కుకు చెందిన జెన్స్ స్కౌ ఎండ్రకాయ నరాల్లో దాన్ని కనిపెట్టాడు. ఆ పంపు నడవడానికి కావలసిన ఇంధనం ఎ.టి.పి. అనే పదార్థం. ఆ ఎ.టి.పి.ని 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి వేరుచేసి చూపినవాడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయనకు నోబెల్ రాలేదు. పంపును కనిపెట్టిన స్కౌకు 1997లో వచ్చింది.

ఇంతవరకూ వచ్చాం కదా, ఇప్పుడు తేలు వస్తోంది.

తేలు ఆహారం పురుగులు. బొద్దింక, మిడత లాంటివి పారిపోకముందే వాటిని పడగొట్టాలి. అందుకని తేలు విషంలో ప్రకృతి నరాల ద్వారాలకు సరిగ్గా సరిపోయే చిన్న చిన్న మాంసకృత్తులను పెట్టింది. అందులో ఒకరకం సోడియం ద్వారాన్ని పట్టుకుని మూసుకోనివ్వదు. తలుపు సందులో రోకలి అడ్డం పెడితే ఎలా ఉంటుంది, అలాగన్నమాట. మరో రకం పొటాషియం ద్వారానికి బిరడాలాగా బిగుసుకుంటుంది. ఏ దారిన చూసినా నరానికి విశ్రాంతి ఉండదు. ఆగకుండా వార్తలు పంపుతూనే ఉంటుంది.

శాస్త్రజ్ఞులకు ఇది వరమయింది. కణం మీద ఎన్నో రకాల పదార్థాల మధ్య ద్వారం ఏదో పట్టుకోవడం గడ్డివామిలో సూదిని వెతకడం. తేలు విషానికి మాత్రం ఆ ద్వారం చిరునామా తెలుసు. దానికొక గుర్తు కట్టి వదిలితే అది పోయి ద్వారానికే అతుక్కుంటుంది. 1980లో అమెరికాలో విలియం కాటరాల్ బృందం తేలు విషంతోనే సోడియం ద్వారపు మాంసకృత్తిని గుర్తుపట్టింది. అంతకుముందే, 1976లో, జర్మనీలో నేహెర్, సాక్‌మన్ అనే ఇద్దరు సన్నని గాజుగొట్టం కొసతో కణం పైపొరను ముద్దుపెట్టుకున్నట్లు అతికి, ఒక్కటంటే ఒక్క ద్వారం తెరుచుకోవడం, మూసుకోవడం కొలిచి చూపారు. వాళ్ళకు 1991లో నోబెల్ వచ్చింది. రోడెరిక్ మెకిన్నన్ అనే వైద్యుడు వైద్యం మానుకుని ఈ పరిశోధనలోకి వచ్చి, మొదట తేలు విషం సాయంతో పొటాషియం ద్వారపు నోరు ఎక్కడుందో కనిపెట్టాడు. తర్వాత 1998లో అలాంటి ద్వారం రూపం మొత్తాన్ని లోకానికి చూపాడు. రసాయనశాస్త్రం చదివిన ఆయన భార్య ఆలిస్ కూడా ఆ ప్రయోగశాలలో చేయి కలిపింది. 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది.

మన ఎర్రతేలు సంగతి మరిచిపోలేదు. 1990లో అమెరికాలో ఒక మందుల కంపెనీ పరిశోధకులు మన దేశపు ఎర్రతేలు విషం నుంచే 37 అమైనో ఆమ్లాల గొలుసు ఒకటి వేరుచేశారు. దానికి ఐబీరియోటాక్సిన్ అని పేరు పెట్టారు. పొటాషియం ద్వారాల్లో బాగా వెడల్పయిన ఒక్క రకాన్నే ఎంచి మూసివేయడం దాని గొప్ప. రక్తనాళాలు ఎలా సడలుతాయో, మెదడు కణాలు ఎలా శాంతిస్తాయో తెలుసుకోవాలనుకునే ప్రయోగశాలలు దాన్ని బంగారంలా కొని వాడుకుంటున్నాయి. మన పెరట్లో చెప్పుతో చంపి పారేసే ప్రాణి!

తేలు నరాల మీద మన తిరుపతిలోనే పని జరిగిందని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం వాళ్ళు 1960లలో తేలు నరాల తాడును తీసుకుని పరిశోధించారు. తేలు పగలంతా రాయికింద పడుకుని రాత్రి తిరుగుతుంది కదా, ఆ పొద్దు సంగతి దాని నరాలకు ఎలా తెలుస్తుందన్నది వాళ్ళ ప్రశ్న. లోవీ కనిపెట్టిన అసిటైల్‌కోలిన్‌ను పని కాగానే విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది. తేలు నరాల్లో ఆ ఎంజైము జోరు పగలూ రేయీ లయగా హెచ్చుతగ్గులవుతుందని వెంకటాచారి, మురళీకృష్ణ దాస్ అనే ఇద్దరు అచ్చువేశారు. ఏ సంవత్సరమనుకున్నారు? 1968. మా పెరట్లో ఆ తేలు కుట్టిన ఏడే.

శాస్త్రం అలా నడుస్తూంటే, పల్లెల్లో పిల్లల్ని బతికించే మాట ఏమయింది? ఆ కథ మహారాష్ట్రలో, కొంకణ తీరంలో మహాడ్ అనే ఊరి చుట్టూ నడిచింది. అదీ ఎర్రతేళ్ళ సీమే. తేలు కుట్టినవాళ్ళు ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోతున్నారని మండ్లే అనే వైద్యుడు 1961లోనే ఇంగ్లండు వైద్యపత్రికలో రాశాడు. అయినా ఏం చేయాలో తెలియలేదు. 1976 ప్రాంతంలో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే యువవైద్యుడు వచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు పిల్లలు తన చేతుల్లోనే పోతూంటే, ఆయన రాత్రిళ్ళు వాళ్ళ మంచాల పక్కనే కూర్చుని గంటగంటకూ ఏం జరుగుతోందో రాసుకున్నాడు. ఆయన భార్య ప్రమోదిని కూడా వైద్యురాలే. తర్వాతి పరిశోధనల్లో ఆమె పేరూ ఆయన పేరు పక్కనే ఉంటుంది.

ఆయన రాసుకున్న వరస ఇదీ. ముందు వాంతులు, నోట్లో లాలాజలం, ఒళ్ళంతా చెమటలు. ఇవి అసిటైల్‌కోలిన్ పొంగడం వల్ల. తర్వాత నారడ్రినలిన్ వరదలా వస్తుంది. అది ఆల్ఫా గ్రాహకాల మీద పడి రక్తనాళాలన్నీ బిగించేస్తుంది. అందుకే కాళ్ళూచేతులూ చల్లబడతాయి. బ్లడ్‌ప్రెషరు ఒక్కసారి పెరుగుతుంది. బిగుసుకున్న గొట్టాల్లోకి రక్తం నెట్టలేక నెట్టలేక గుండె అలిసిపోతుంది. అప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు, ఆయాసం. మా తమ్ముడికి ఆ రాత్రి జరిగింది అక్షరం పొల్లు పోకుండా ఇదే.

మూలం తెలిస్తే మందు దొరుకుతుంది. ఆల్ఫా గ్రాహకాలను కప్పేసే బిళ్ళ ఒకటి అప్పటికే బ్లడ్‌ప్రెషరు కోసం బజారులో ఉంది, పేరు ప్రజోసిన్. ఆల్‌క్విస్ట్ 1948లో పేరుపెట్టిన ఆ తలుపుకే అది గడియ. తేలు పెట్టిన రోకలిని అది తీయలేదు, విషాన్ని విరచలేదు. కాని వార్త అందుకునేచోట తలుపు మూసేస్తుంది. వరద వచ్చినా ఇంట్లోకి రాదు. 1980లలో బావస్కర్ దీన్ని వాడి, 1986లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు రాశారు. అంతకుముందు తీవ్రంగా విషమెక్కి ఆస్పత్రికి చేరినవాళ్ళలో నూటికి పాతిక ముప్పై మంది పోయేవారు. ప్రజోసిన్ వచ్చాక అది నూటికి ఒకరి లోపుకు దిగిందని ఆయన లెక్క. తర్వాత తేలు విషానికి విరుగుడు సీరం కూడా తయారయింది. ఆ రెండూ కలిపి ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో అచ్చయింది. 2022లో బావస్కర్‌కు పద్మశ్రీ ఇచ్చారు.

ఖరీదైన యంత్రం అవసరం లేదు, పట్నం ఆస్పత్రి అక్కర్లేదు, ఒక చిన్నబిళ్ళ. అది పల్లె ఆస్పత్రి అలమరలో ఉండటం, ఇచ్చే వైద్యుడికి సంగతి తెలిసి ఉండటం, కుట్టినవాణ్ణి వేళకు తీసుకురావడం, ఈ మూడూ కుదరాలి. మొదటి రెండూ ప్రభుత్వం చూసుకోవాల్సినవి. మూడోది మన చేతుల్లో ఉంది.

1996లో గిద్దలూరు దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ మనవరాలికి ఎర్రతేలు కుట్టింది. ఐదేళ్ళ పిల్ల. వాంతులు, చెమటలు, చల్లటి చేతులు, మళ్ళీ అదే వరస. ఈసారి మంత్రం కోసం ఆగలేదు. ఆస్పత్రిలో ఉన్న యువవైద్యుడు చూడగానే ఆ బిళ్ళే ఇచ్చి, పక్కమీద నుంచి లేవనివ్వకుండా, గంటగంటకూ బ్లడ్‌ప్రెషరు చూస్తూ రాత్రంతా కనిపెట్టుకున్నాడు. మూడో రోజుకి పిల్ల ఇంటికొచ్చింది. నేను చూడబోయినప్పుడు ఆ వైద్యుణ్ణి పట్టుకుని అడిగాను, "తేలు కుట్టినప్పుడు మజ్జిగన్నం పెడితే విషం ఎక్కుతుందా?" అని. ఆయన ఆశ్చర్యంగా చూసి, "అన్నానికీ దానికీ ఏం సంబంధమమ్మా? విషం సూదిమందులాగా నేరుగా ఒంట్లోకి పోయింది. కుట్టిన ఘడియకే అది బయలుదేరింది" అన్నాడు. తర్వాత ఓపిగ్గా కూర్చుని ద్వారాలూ, గ్రాహకాలూ బొమ్మలు గీసి చూపించాడు. ఆనాటి నుంచీ నేను ఈ కథ వెతుక్కుంటూ చదువుతున్నాను.

ఆ సాయంత్రం పెద్దమ్మ పక్కన కూర్చుని నాకు అర్థమయినంత చెప్పాను. కప్పగుండె చెప్పాను, తలుపు సందులో రోకలి చెప్పాను. ఆమె చదువుకున్న మనిషి కాదు. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే మజ్జిగ కాదంటావా?" అంది. "కాదు పెద్దమ్మా" అన్నాను. "వాడు ఆకలన్నాడే. ఆకలితో పంపలేదు గదా నేను" అంది. ఆ మాటకి నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి ఆమె మజ్జిగ పోసుకుందని చెబితే మీకు సంతోషంగా ఉండేది. పోసుకోలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో పోదు. కాని పోయేలోపు, మనవరాలికి కలిపి పెడుతూ ఒక ముద్ద తనూ నోట్లో వేసుకోవడం నేను చూశాను.

అక్కచెల్లెళ్ళూ, పట్నాల్లో మేడల్లో ఉంటున్నాం, మనకెందుకు తేలు అనుకోవద్దు. సెలవులకి పిల్లల్ని ఊరికి పంపుతాం. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలూ ఇసుకా పోయిస్తాం. అందుకని నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. వేసవిలోనూ, తొలకరి వానలప్పుడూ జాగ్రత్తగా ఉండండి. చెప్పులు, పక్కబట్టలు దులిపి వాడండి. రాళ్ళు, కట్టెలు, పలకలు చేతులు పెట్టి లాగవద్దని పిల్లలకి చెప్పండి. తేలు కుడితే తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. చింతగింజ అంటిస్తే నష్టం లేదుగాని, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. చిన్నపిల్లలయితే తేలు రంగు చూసి తేల్చుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. పెద్దవాళ్ళకయినా వాంతులు, చెమటలు, కాళ్ళూచేతులూ చల్లబడటం కనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయవద్దు. నొప్పి తగ్గింది కదా అని మోసపోవద్దు. నొప్పి వేరు, గుండె మీద పడే భారం వేరు. ప్రజోసిన్ పేరు చెప్పాను కదా అని ఇంట్లో తెచ్చిపెట్టుకుని మీ అంతట మీరు వేయవద్దు. ఎంత వేయాలో, ఎప్పుడు ఆపాలో వైద్యుడే చూడాలి. బ్లడ్‌ప్రెషరు మరీ పడిపోయే ప్రమాదముంది.

ఇంకొక్క మాట. తేలు కడుపు చీల్చుకుని పిల్లలు పుడతాయని, తల్లిని తినేస్తాయని మన వాళ్ళు అంటూంటారు. అది నిజం కాదు. తల్లితేలు పిల్లల్ని ప్రాణంతో కని, మొదటి కుబుసం విడిచేదాకా వీపు మీద మోస్తుంది. మనం అనుకునే మాటల్లో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. తేలు గురించి తప్పుగా అనుకుంటే తేలుకేం బాధ లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి తప్పుగా అంటే ఆమె ముప్పై ఏళ్ళు మోయాలి. తెలియని విషయంలో ఎవరిమీదా తప్పు మోపకుండా ఉంటే, అదే మనం నేర్చుకున్న శాస్త్రం.